గలగల అన్న మాట

"డ్రైవర్ అంకుల్ డబ్బాలోంచి డబ్బులు తీశాడు! కళ్లారా చూశాను!"

అంకుల్ ఇంకా ఎక్కకముందే, స్కూల్ వ్యాన్ వెనక సీట్లో కూర్చుని గలగల చెప్పింది. వసపిట్టలా వాగుతుందని అమ్మ పెట్టిన ముద్దుపేరు అది. పదకొండుమంది పిల్లల చెవులూ అటే తిరిగాయి.

అంకుల్ కూతురు కిందటేడాది క్యాన్సర్‌తో చనిపోయింది. తొమ్మిదేళ్ల పిల్ల. ఆ పాప పేరు మీద అంకుల్, ఆంటీ ప్రతి ఆదివారం తమ ఇంటి ముందు కార్లు, స్కూటర్లు కడుగుతారు. కడిగించుకున్నవాళ్లు డబ్బాలో వేసే ప్రతి పైసా ఆసుపత్రిలోని పిల్లల వార్డుకే.

"తీసి ఏం చేశాడే?" అడిగింది ముందు సీటు అమ్మాయి.

"పెద్ద బొమ్మ కొన్నాడు! ఆయనకి బొమ్మెందుకు చెప్పు?"

ఇల్లు రాగానే గలగల ఆ సంగతే మరిచిపోయింది. మాటకి మాత్రం కాళ్లొచ్చాయి.

ఆదివారం నాన్న స్కూటర్ మీద తనూ అంకుల్ ఇంటికి వెళ్లింది. ఎప్పుడూ వీధి మలుపు దాకా ఉండే వరుస లేదు. ఒక్క బండీ లేదు. నిండు బకెట్లు, ఆరిన గుడ్డలు, గోడకి పాప ఫోటో.

"ఏంటిది? ఎవరూ రాలేదా?" అన్నాడు నాన్న.

అంకుల్ తలెత్తలేదు. "పాప పేరు చెప్పి నేను డబ్బు తింటున్నానట సార్. వీధంతా అదే మాట."

గలగల నాన్న వెనక్కి జరిగింది.

"బొమ్మ కొన్నది నిజమే. డబ్బాలో నా పెద్ద నోటు వేసి చిల్లర తీసుకున్నా. ఆసుపత్రిలో పక్క మంచం చిన్నదానికి, పుట్టినరోజుకి బొమ్మ కొనిస్తానని మా పాప మాటిచ్చింది. మొన్నే దాని పుట్టినరోజు."

ఆంటీ బకెట్ పక్కనే కూలబడింది. "బిడ్డ పోయిన రోజు కూడా ఎవరూ మనకి మొహం చాటెయ్యలేదు" అంది.

తను అన్నది నాలుగు మాటలే! నాలుగు మాటలు ఇంత పని చేస్తాయా?

"అంకుల్... నేనే అన్నాను. మీరు తియ్యడం చూశాను. వెయ్యడం చూడలేదు."

నాన్న నిర్ఘాంతపోయాడు. అంకుల్ ఆరిన గుడ్డలు ఒక్కొక్కటే మడతపెట్టసాగాడు. తిట్టినా బాగుండేదనిపించింది గలగలకి.

"ఎంతమందికి చెప్పావు?" అడిగాడు నాన్న.

"పదకొండుమందికి."

"నేనూ వస్తాను. చెప్పాల్సింది మాత్రం నువ్వే."

మొదటి ఇంటి బెల్ నొక్కేటప్పుడు గలగల వేలు చెమటతో జారింది. "నేను చెప్పింది తప్పు. అంకుల్ డబ్బేమీ కాజెయ్యలేదు." మూడో ఇంటాయన విని, అప్పటికప్పుడే కారు తాళాలు అందుకున్నాడు. ఐదో ఇంట్లో "నీ మాట ఎవరు నమ్ముతారు, పో!" అని తలుపు మొహాన వేసేశారు.

గలగలకి ఏడుపు ముంచుకొచ్చింది. కాసేపు ఆ తలుపు ముందే నిలబడింది. తర్వాత కళ్లు తుడుచుకుని ఆరో ఇంటి గేటు తీసింది.