మెట్ల గోడ మీద ఖాళీ మేకు

టాలీస్ క్రాసింగ్ ఊరు మొత్తంలో అబద్ధమాడని మనిషిని నేనొక్కణ్ణే. కావాలంటే చర్చి గుమ్మంలో నిలబడి ఎవరినైనా అడగండి, నవ్వడం ఆపాక చెబుతారు. కాబట్టి లెడ్‌బెటర్ వాళ్ళింట్లో జరిగిన ఈ సంగతిలో ఒక్క పొల్లు మాట ఉండదు. ఆ మే నెలలో మా అలబామా ఎండలు ఎంతగా కాశాయంటే, మా కోళ్ళు ఉడికిన గుడ్లే పెట్టాయి. పెంకు వలిచి ఉప్పు చల్లుకోవడమే తరువాయి. అంత నికార్సైన నిజంతో మొదలుపెడుతున్నాను.

ఆ ఉదయం హోయ్ట్ లెడ్‌బెటర్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని కాఫీ ఊదుకుంటున్నాడు. డెబ్బై మూడేళ్ళ మనిషి, భార్య పోయి చాలాకాలమైంది. పొయ్యి దగ్గర చెల్లెలు మాడెల్ మొక్కజొన్న జావ కలుపుతోంది. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు బడి బస్సు నడిపి, ఊళ్ళో సగంమందిని చెవి పట్టుకుని కూర్చోబెట్టిన మనిషి. బల్లకు అటువైపు హోయ్ట్ కూతురు గ్లెండా పెన్నూ పుస్తకమూ ముందేసుకుని కూర్చుంది. ఆమె పక్కన ఆమె కూతురు మార్లీ. జూన్ చివర్లో మార్లీ పెళ్ళి.

ఆ రోజు తేలాల్సింది పెళ్ళికూతురి ఫోటో సంగతి. పెళ్ళికి కొన్ని వారాల ముందే పిల్ల గౌనంతా తొడుక్కుని, ఒక్కతే నిలబడి ఫోటో తీయించుకోవాలి. దాన్ని పెళ్ళికొడుకు కంటబడకుండా దాచి, పెళ్ళినాడు విందు జరిగే చోట గుమ్మంలో నిలబెట్టాలి. ఆ తర్వాత అది పుట్టింటి గోడకెక్కాలి. లెడ్‌బెటర్ ఆడపిల్లలంతా మెట్ల పక్క గోడ మీదే ఉంటారు.

"చర్చి ముందు, మాగ్నోలియా చెట్టు కింద," అంది గ్లెండా రాసుకుంటూ.

"మన పీచ్ పళ్ళ షెడ్డులో," అంది మార్లీ. "నేను పెరిగిందంతా ఆ బుట్టల మధ్యే కదమ్మా!"

"తెల్ల గౌనేసుకుని పళ్ళ షెడ్డులోనా? ఈగలేనా నీకు తోడిపెళ్ళికూతుళ్ళు?"

"ఈగలైతే మంచిదే కదే గ్లెండా," అన్నాడు హోయ్ట్. "విందులో కుర్చీలడగవు."

"నువ్వు ఊరుకో నాన్నా! సరే, షెడ్డో గిడ్డో, ఎక్కడైనా తీయించుకో. ఇంతకీ దాన్నెక్కడ పెడదాం? నా ఫోటో పక్కన కిటికీ అడ్డం. మీ మేనత్త ఫోటోకీ నా ఫోటోకీ మధ్య ఆ ఖాళీ ఉంది చూడు, అక్కడైతే సరిగ్గా సరిపోతుంది. ఆ తుప్పు మేకు పీకేసి గట్టిది కొట్టు."

ఆ మేకును ఆ ఇంట్లో ఎవరూ ముట్టుకోరు. ఇంటి దూలాలన్నీ దానికే వేలాడుతున్నాయని, పీకితే ఇల్లు కుప్పకూలుతుందని హోయ్ట్ పిల్లలకు చెబుతూ వచ్చాడు. చిన్నప్పుడు గ్లెండా మెట్లెక్కేటప్పుడు ఆ మేకు కింద ఊపిరి బిగబట్టి నడిచేది. ఫోటోల వరసలో అక్కడ మాత్రమే ఖాళీ. ఒకప్పుడు అక్కడ ఏదో ఉండేదని ఆ ఒంటరి మేకు చెబుతూనే ఉంది. అడిగినవాళ్ళు లేరు.

జావ కలిపే గరిటె ఆగింది.

"ఆ మేకు జోలికి ఎవరూ పోవద్దు," అంది మాడెల్.

"ఏం మామ్మా, ఇల్లు కూలిపోతుందా?" అని నవ్వింది మార్లీ.

"కూలాల్సింది ఎప్పుడో కూలింది. మీ తాతనడుగు."

మార్లీ తాత వైపు తిరిగింది. మామూలుగా అయితే ఈపాటికి హోయ్ట్ నోట్లో కథ సిద్ధంగా ఉండాలి. ఎలుగుబంటి ఒకటి వచ్చి ఆ మేకు కొట్టి వెళ్ళిందనైనా చెప్పేవాడు. ఆ రోజు ఒక్క కథా అందలేదు.

"అక్కడ... ఈ మాడెల్ మామ్మ ఫోటో ఉండేది," అన్నాడు చివరికి.

మాడెల్‌కు అప్పుడు ఇరవై మూడేళ్ళు. ట్రాక్టర్లు అమ్మే క్లిఫర్డ్ టగిల్‌తో పెళ్ళి కుదిరింది. ఫోటో తీశారు. వాళ్ళమ్మ ఆగలేక ముందే గోడకు వేలాడదీసి, పెళ్ళికొడుకు చూడకుండా దుప్పటి కప్పింది. పెళ్ళికి పది రోజులుందనగా క్లిఫర్డ్ ఒక చీటీ రాసిపెట్టి మోబీల్ పట్నానికి వెళ్ళిపోయాడు. ఆ మర్నాడు మాడెల్ తన చేత్తోనే దుప్పటి తీసి, మడతపెట్టి, ఫోటోను అలాగే ఉంచింది. ఒక ఆదివారం ఆమె చర్చికి వెళ్ళినప్పుడు హోయ్ట్ దాన్ని దించి, పెరట్లో చెత్త కాల్చే పీపాలో వేశాడు. ఏ పనైనా అరకొరగా చేసే అలవాటు లేదు ఆయనకు. స్టూడియోకు వెళ్ళి నెగెటివ్ కూడా తెచ్చి కాల్చాడు.

"నాన్నా!" అంది గ్లెండా.

"వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ దాన్ని చూసి అయ్యో పాపం అంటుంటే వినలేకపోయాను. నీ మంచికే చేశాను మాడీ."

మాడెల్ పొయ్యి ఆర్పింది. బస్సులో వెనక సీటు పిల్లలకు వినపడేలా మాట్లాడే ఆవిడ, ఆ రోజు గొంతు పెంచలేదు.

"జాలిపడేవాళ్ళ సంగతి నేను చూసుకునేదాన్ని. అది క్లిఫర్డ్ ఫోటో కాదు అన్నయ్యా. అందులో వాడు లేడు. నేనొక్కదాన్నే ఉన్నాను. వెళ్ళిపోయింది వాడైతే, గోడ మీంచి నన్నెందుకు దించావు?"

హోయ్ట్ కాఫీ కప్పు పక్కకు జరిపాడు.

"ఇన్నేళ్ళూ ఒక్క మాటైనా అనలేదేం?"

"నువ్వు చెబుతావని చూశాను. నువ్వేమో ఇల్లు కూలుతుందని పిల్లలకు కథలు చెప్పావు." ఆమె కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "పోనీ, ఇప్పుడొక్కటి చెప్పు. అందులో నేనెలా ఉన్నాను? నాకు సరిగ్గా గుర్తులేదు. ఆఖరుసారి చూసింది నువ్వే కదా."

హోయ్ట్ కళ్ళు మూసుకున్నాడు. పీపా గుర్తొచ్చింది. పొగ గుర్తొచ్చింది. చట్రం మూల నల్లబడి వంకర తిరగడం గుర్తొచ్చింది. మొహం మాత్రం రాలేదు.

"నేను చూడలేదు మాడీ," అన్నాడు. "నీ మొహం కాలుతుంటే చూడలేక అటు తిరిగాను."

జావ గట్టిపడిపోయింది. ఆ ఉదయం దాన్ని ఎవరూ తినలేదు.

శనివారం పొద్దున్నే పీచ్ షెడ్డులో ఫోటోలు తీశారు. గ్లెండా మాగ్నోలియా మాట మళ్ళీ ఎత్తలేదు. ట్విలా అని, పక్క ఊరి ఫోటోగ్రాఫరు వచ్చింది. వెలుగు పిల్ల మీద పడేలా తెల్ల అట్ట పట్టుకునే పని హోయ్ట్‌కు అప్పగించింది. బుట్టల మధ్య మార్లీ దేవకన్యలా నిలబడింది. ఈగలు కూడా మర్యాదగా దూరంగానే ఉన్నాయి. తన వంతు అయిపోయాక మార్లీ గౌను అంచు ఎత్తి పట్టుకుని నేరుగా మాడెల్ దగ్గరికి నడిచింది.

"మామ్మా, ఇక నువ్వు నిలబడు."

"ఈ మొహంతోనా? ఆ గౌను నాకు పట్టాలంటే ఇంకో గౌను అతకాలి!"

"గౌనెవరడిగారు? ఉన్నదానివి ఉన్నట్టే రా."

మాడెల్ చాలాసేపు సణిగింది. జుట్టు బాగోలేదంది, చెప్పులు బాగోలేవంది. చివరికి చర్చికి వేసుకెళ్ళే నీలం బట్టల్లోనే, చేతిసంచీ మోచేతికి తగిలించుకుని, బస్సు ఎక్కే పిల్లల కోసం చూస్తున్నట్టు నిటారుగా నిలబడింది. పువ్వులిస్తే వద్దంది.

హోయ్ట్ అట్ట పైకెత్తాడు. కళ్ళు చెమర్చాయి, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"పెద్దాయనా, మీరలా తిరిగితే వెలుగు పోతోంది," అని కేకేసింది ట్విలా. "ఆవిడ్నే చూడండి!"

ఆయన తిరిగి చూశాడు. ఎడమ కనుబొమ్మ కుడిదానికంటే కాస్త పైన ఉంది. గడ్డం మీద చిన్న నొక్కు. చిన్నప్పుడు ఉయ్యాల మీంచి తానే తోస్తే పడిన దెబ్బ. ఫోటో తీయడం అయిపోయిందని ట్విలా చెప్పినా ఆయన అట్ట దించలేదు.

పెళ్ళయిన వారానికి ఫోటోలు గోడకెక్కాయి. మార్లీది కిటికీకి అవతల పెట్టారు. మాడెల్ ఫోటో కోసం హోయ్ట్ కొత్త మేకు తెచ్చాడు. "పాతదే చాలు," అందావిడ. ఆయన మెట్టు మీద నిలబడి చట్రం తగిలించి, వెనక్కి తిరక్కుండానే, "మాడీ, తప్పు చేశాను, నన్ను క్షమించు," అన్నాడు.

"కొంచెం ఎడమకు జరుపు," అంది మాడెల్.

ఒక్క పొల్లు మాట ఉండదన్నాను కదా, ఒకటుంది. ఆ "క్షమించు" నేను కలిపిందే. ఎవరో ఒకరు అనాలి కదా అని ఆయన నోట్లో పెట్టాను. నిజానికి హోయ్ట్ అప్పుడు పెదవుల మధ్య ఆ కొత్త మేకు పట్టుకుని ఉన్నాడు, ఏమీ అనలేదు. ఎడమకు జరపమన్న మాట నిజం, ఆయన జరిపిన మాటా నిజం. ఇప్పుడు రోజూ పొద్దున్నే మెట్లు దిగుతూ ఆగి, చొక్కా చేత్తో ఆ ఒక్క ఫోటో అద్దమే తుడుస్తాడు. కింది నుంచి మాడెల్, "అరిగిపోతుంది, రా అన్నయ్యా, జావ చల్లారుతోంది," అని పిలుస్తుంది.

కోళ్ళ సంగతంటారా, అది మాత్రం అక్షరాలా నిజం.