మూడో ప్రకటన

"ఏజెంట్ సెవెంటీన్, వినబడుతోందా?"

ఇయర్‌పీస్‌లో చీఫ్ శ్యామలాదేవి గొంతు. నాచారం చర్చిలో ఆదివారం ఆరాధన నడుస్తోంది. శాంసన్ పాటల పుస్తకం చాటున పెదవి కదిపాడు.

"చెప్పండి మేడం."

"హృషికేశ్ కొట్టేసిన మిసైల్ చిప్ ఈ రోజే సింగపూర్‌కు పోతోంది. వాణ్ని ముట్టొద్దు, వాడి వెనకే మనం అక్కడి అసలు బాస్ దాకా పోవాలి. చిప్ మాత్రం దేశం దాటకూడదు. నీ దగ్గరున్న డమ్మీ చిప్ ఫెబాకు చేర్చు, అసలుది తను మార్చేస్తుంది."

ఫెబా పని చేసేది హృషికేశ్ ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో. ఆమె తన మనిషేనని అతని నమ్మకం. నిజానికి ఆమె శాంసన్ మనిషి. బస్తీ అంతటికీ లిఫ్ట్ మెకానిక్ అయిన శాంసన్ అసలు ఎవరో ఫెబా ఒక్కతెకే తెలుసు. తెలిసే పెళ్లికి ఒప్పుకుంది. "సచ్చేముందు ఒక ఫోన్ జెయ్యి హీరో," అని ఏడిపించేది.

పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదువుతారు. ఇది మూడోది. ఫెబా తల్లి పాపమ్మ సంబరం పట్టలేక రెండు పనులు చేసింది. కూతురి బాస్‌ను పిలిచి ముందు బెంచీలో కూర్చోబెట్టింది. కాబోయే అల్లుడి ఫోటో స్క్రీన్ మీద వేయించింది.

స్క్రీన్ మీద శాంసన్ ముఖం వెలిగింది. చర్లపల్లిలో తన గోడౌన్ మీద పోలీసు రెయిడ్ జరిగిన రోజు హృషికేశ్ చూసిన ముఖం అది. అతను మెల్లగా ఫెబా వైపు తిరిగాడు. చెయ్యి కోటు లోపలికి పోయింది.

"ఈ వివాహమునకు ఎవరికైనా ఆటంకమున్న యెడల ఇప్పుడే తెలియజేయవలెను," అన్నారు పాస్టర్.

పెళ్లికొడుకు ఎవరో ఫెబాకు తెలుసని వాడు అనుకుంటే, ఆమె గేటు దాకా కూడా బతకదు. మోసపోయిందనుకుంటే బతుకుతుంది.

శాంసన్ లేచాడు.

"నాకుంది అయ్యగారు. నేను మెకానిక్‌ను గాదు, పోలీసోన్ని. వీళ్ల ఆఫీసు ముచ్చట్లు గుంజనీకి ఈ పిల్లను ప్రేమించినట్టు నటించిన. పాపం, ఈమెకేం తెల్వది."

ఫెబా కళ్లలో ఒక్క క్షణం ప్రశ్న. మరుక్షణం అర్థమైంది. వచ్చి చెంప మీద చాచి కొట్టింది. నటనకు అంత జోరు అక్కర్లేదు.

"మా అమ్మ మొకం జూడు! ఇగ జన్మల నా ముంగటికి రాకు. సార్, నన్ను ఈడికెళ్లి తీస్కపోండ్రి."

"ఏందిర నువ్వు జేసింది?" ఫెబా అన్న హెన్రీ శాంసన్ కాలర్ పట్టుకున్నాడు. ఆ గొడవలో హృషికేశ్ ఫెబాను వెంటబెట్టుకుని కారెక్కాడు. ఆమె కమ్మలోని మైక్ నుంచి అతని మాట శాంసన్ చెవిన పడింది.

"ఎయిర్‌పోర్టుకే పోతున్నాం. ఈ చిప్ నీ బ్యాగులో ఉంచు. ఏడ్చే ఆడపిల్ల బ్యాగు ఎవరూ వెతకరు."

ఉప్పల్ మెట్రో కింద సిగ్నల్ పడింది. హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ బాయ్ ఒకడు కారు అద్దం తట్టాడు.

"తలనొప్పి గోళీలు మేడం. ఓటీపీ?"

హృషికేశ్ ఫోన్‌లో ఉన్నాడు. ఫెబా నాలుగు అంకెలు చెప్పింది. అది వాళ్ల పెళ్లి తేదీ. ప్యాకెట్ ఒళ్లో పెట్టుకుని విప్పింది. డమ్మీ బ్యాగులోకి, అసలు చిప్ ప్యాకెట్‌లోకి మారిపోయాయి.

"నేనడిగినయి ఇవి గావు. వాపస్ తీస్కపో."

"తప్పు నాదే మేడం. మాఫ్ జెయ్యండ్రి."

"జేసిన. పైలంగ పో."

గ్రీన్ పడింది. కారు ఎల్బీ నగర్ వైపు సాగిపోయింది. చిప్ డెలివరీ బాయ్ వేషంలో ఉన్న శాంసన్ పిడికిట్లో ఉంది.

"శెభాష్!" అంది చీఫ్. "ఇక నిన్ను ఆమెతో ఎవరు చూసినా ఆమె ప్రాణం పోతుంది. ఎన్నేళ్లయినా సరే. అర్థమైందా?"

"చర్చిల లేసినప్పుడే అర్థమైంది మేడం."

"కొన్నాళ్లు రెస్ట్ తీసుకో. లీవ్ శాంక్షన్ చేస్తాను."

"అక్కర్లేదు మేడం. పెండ్లికని పెట్టిన లీవ్ అట్లనే ఉంది."