దాటలేని పడవ

ఆ ఇంట్లో టీ కాచే వేళకు గాలి తిరుగుతుంది. తిరిగిన గాలి పెరట్లో బోర్లించిన పడవ కిందికి దూరి, ఎక్కడో వదులైన పలకను ఎత్తి కొడుతుంది. దబ్. కాస్త ఆగి, మళ్ళీ దబ్. ఆ చప్పుడు వినగానే అత్తగారు పొయ్యి దగ్గర కదలకుండా నిలబడి, పెద్దకొడుకు పక్క మీద ఒత్తిగిల్లాడనుకొంటుంది. కోడలు వినేది వేరు. చదును అడుగు పడవ ఎదురు అల మీది నుంచి కిందికి పడినప్పుడు నీటిని కొట్టే చప్పుడది. మూడేళ్ళుగా ఇద్దరూ ఒకే చప్పుడు వింటున్నారు. ఒకరికొకరు చెప్పుకోలేదు.

పెద్దకొడుకు బయటి సముద్రానికి వెళ్ళి తిరిగి రాలేదు. పడవ వచ్చింది. అఖాతం సముద్రంలో కలిసే ఇరుకు దారిని అక్కడివాళ్ళు మొగ అంటారు. ఎవరూ లేకుండానే ఆ పడవ పోటు మీద మొగ దాటి, ఇంటి ముందటి ఇసుకలో ఒద్దికగా ఆగింది. టీ ఫ్లాస్కు కూడా దాని చోటనే ఉన్నది. ఎంత విశ్వాసం గల పడవ అని రేవంతా మెచ్చుకొన్నది. మనిషిని పోగొట్టుకొని ఒంటరిగా ఇల్లు చేరిన దానికి విశ్వాసమన్న మాట ఎలా అతికిందో కోడలికి నాడూ అర్థం కాలేదు, నేడూ కాలేదు. అత్తగారు మాత్రం దాన్ని అమ్మనివ్వలేదు, విప్పనివ్వలేదు. రోజూ సాయంత్రం దాని వీపు మీద చెయ్యి వేసి, ఆనాటి కబుర్లు చెప్పి లోపలికి వచ్చేది.

ఆ ఉదయం చిన్నకొడుకు టీ గ్లాసు పక్కన కొలత టేపు పెట్టి, పడవల మేస్త్రి దగ్గరికి వెళ్దామన్నాడు. మూడేళ్ళు పరాయి పడవల్లో కూలికి పోయాడు, ఇక సొంతానికొకటి కావాలి. అఖాతంలో మోకాటి లోతు నీళ్ళలోనూ తిరగాలి, లోపల చేపలు దొరకని నెలల్లో బయటికీ వెళ్ళాలి. 'బయటికీ' అన్నచోట అతని గొంతు తగ్గింది. తగ్గినా తల్లి విన్నది.

"చదునుదే చూడు. మాట అయిపోయింది," అన్నది.

రేవులో ఆమెను జడ్జిగారంటారు. ఆమె తీర్పుకు పైకోర్టు లేదు.

"వాదన వినకుండానే తీర్పా, జడ్జిగారూ?" అని చిన్నాడు నవ్వబోయాడు. తల్లి నవ్వలేదు. వదినను కూడా తీసుకువెళ్దామని అతడంటే, "ఆవిడెందుకు? పడవలు చూసి చూసి ఏం బాగుపడింది?" అన్నది. పెళ్ళయిన నాటి నుంచి భర్తతో కలిసి అఖాతమంతా గెడ వేసి పడవ నడిపిన మనిషి ఆ కోడలు. ఇప్పుడు వలల షెడ్డులో కూర్చొని ఇతరుల చిరుగులు కుడుతున్నది. ఆమె చెప్పులు తొడుక్కొని వాళ్ళ వెనక నడిచింది.

మేస్త్రి షెడ్డులో ఫైబరు జిగురు వాసన కళ్ళు మండిస్తున్నది. మూడు పడవలు చెక్క దిమ్మెల మీద కూర్చొని ఉన్నాయి. మేస్త్రి ఒక్కొక్కదాన్నీ పశువును తట్టినట్టు తట్టి గుణం చెప్పబోయాడు. జడ్జిగారు చెప్పనివ్వలేదు. కోసుగా లోతుకు దిగిన అడుగున్న పడవ ముందు ఆగి, ఒక్కటే అడిగింది.

"ఇది మొగ దాటుతుందా?"

"నిక్షేపంగా దాటుతుందమ్మా. అలని కోసుకుంటూ పోతుంది."

ఆమె ముందుకు కదిలింది. రెండోది మొన దగ్గర కోసుగా మొదలై వెనక్కి వచ్చేసరికి చదునయ్యే అడుగుతో ఉన్నది, పక్కలు ఎత్తు. అదీ దాటుతుందా అన్నది. దాటుతుందన్నాడు. మిగతాది వినకుండానే చివరిదాని ముందుకు వచ్చింది. అది అడుగంతా చదును, పక్కలు పొట్టి.

"ఇది దాటకూడదమ్మా. అఖాతంలో అయితే జానెడు నీళ్ళుంటే చాలు. బయట మాత్రం ప్రతి అలకీ ఎగిరి పడుతుంది. పక్క నుంచి ఒక్క అల వచ్చిందా, నిండిపోతుంది."

"ఇదే ఇవ్వు."

మేస్త్రి తల గోక్కొన్నాడు. "పడవకి ఏం చేతకాదో అడిగి కొనేది మీరొక్కరేనమ్మా. ఇది రెండోసారి..." అని, అన్నాక తన మాట తనకే వినబడి, చేతిలోని ఉప్పుకాగితంతో పడవ అంచును రుద్దసాగాడు.

చిన్నాడు సరేనన్నాడు. అంత తేలిగ్గా అన్నందుకే కోడలు అక్కడి నుంచి కదల్లేదు. ఇదే షెడ్డులో, ఇదే జిగురు వాసనలో, ఇంతే తేలిగ్గా తన భర్త సరేలే అమ్మా అన్నాడు. తల్లి వీధిలోకి నడిచాక చిన్నాడు మేస్త్రిని పక్కకు పిలిచి, పక్కలకు జానెడు పలకలు వేసి ఎత్తు చేయవచ్చునా, ఇంకాస్త పెద్ద మోటారును మోస్తుందా అని అడిగాడు. పడవ అవతలి వైపు నిలబడి ఉన్న కోడలు అంతా విన్నది. గొంతు మరిదిది. అడిగిన తీరు మాత్రం చనిపోయినవాడిది.

ఇల్లు చేరాక ఆమె చెప్పులు విప్పలేదు.

"అత్తయ్యా, చిన్నాడు దానికి పలకలు వేయించుకుంటున్నాడు. పెద్ద మోటారు కూడా. బయటికి వెళ్ళడానికే."

"ఎవరన్నారు?"

"నేనే విన్నాను. ఎదురుగానే ఉన్నాడు, అడగండి."

"నీకెందుకొదినా ఇదంతా," అని చిన్నాడు గొణిగాడు.

"మీ అన్నయ్యప్పుడు నాకెందుకులే అనుకున్నాను. ఒకసారి చాలు."

అత్తగారు కుర్చీలో నిటారుగా కూర్చొన్నది. తాను వద్దన్నాక వాడెందుకు వెళ్తాడన్నది. చదును పడవ కొనేదే వెళ్ళకుండా ఉండడానికి గదా అన్నది. ఆ తర్కంలో లోపమేదీ ఆమెకు కనబడలేదు. మూడేళ్ళ కింద కూడా కనబడలేదు.

"మీరు వద్దన్నది పడవతో," అన్నది కోడలు. ఆమె గొంతు పెరగలేదు. "అఖాతంలో చేపలు లేకపోతే పడవని అడిగి వెళ్తారా? వెళ్ళలేని పడవ కొంటే మనిషి వెళ్ళడనుకున్నారు. మనిషి వెళ్ళాడు. పడవకే చేతకాలేదు."

"అంటే నా కొడుకుని నేనే చంపుకున్నానంటావు."

ఇలాంటి చోట చిన్నవాళ్ళు కాళ్ళ మీద పడి, పొరపాటున అన్నానని చెప్పుకోవాలని పెద్దవాళ్ళు ఎదురుచూస్తారు. కోడలు అవుననలేదు, కాదనలేదు, కాళ్ళ మీదా పడలేదు. మరిది వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు. ఏది కొంటే వెళ్ళకుండా ఉంటావు?"

చిన్నాడు తల్లి వైపు తిరిగాడు. "ఏది కొన్నా వెళ్తానమ్మా," అన్నాడు. "తెప్ప కొనిచ్చినా వెళ్తాను."

తల్లి లేచి పెరట్లోకి వెళ్ళింది. ఇన్నాళ్ళూ ఆమె పడవ వీపునే నిమిరింది, అంచులు చూసింది లేదు. ఇప్పుడు మోకాళ్ళ మీద కూర్చొని అంచు కిందికి చెయ్యి పోనిచ్చింది. జానెడు పలకలు వేళ్ళకు తగిలాయి. వరస తప్పిన మేకులు, తుప్పు. వడ్రంగి కొట్టినవి కావు. తనకు తెలియకూడదని పడవను ఎక్కడో దూరంగా లాగి, పెద్దకొడుకు స్వయంగా కొట్టుకొన్నవి. గాలి వీచింది. చెంప పక్కనున్న పలక దబ్‌మన్నది. ఆ మనిషి మొదటిసారి ఆ చప్పుడుకు ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. కొడుకు ఒత్తిగిల్లిన చప్పుడు కాదది.

మర్నాడు లేచేసరికి ఆమె ఇంట్లో లేదు. వదినా మరిదీ వెతుక్కొంటూ వెళ్తే మేస్త్రి షెడ్డులో కనబడింది. ఈసారి వేరే ప్రశ్న అడుగుతున్నది.

"ఏది మనిషిని ఇంటికి తెస్తుంది?"

"ఖాయంగా ఏదీ తేదమ్మా," అన్నాడు మేస్త్రి. "ఎక్కువసార్లు తెచ్చేది మాత్రం ఆ ఎత్తు పక్కలది. నీళ్ళు పడ్డా కంతల గుండా బయటికి పోతాయి. అడుగున గాలి గదులు మూసేశాను, నిండినా మునగదు."

"నీళ్ళలోకి దింపించు. ఎక్కి చూస్తాను."

మూడేళ్ళుగా ఏ పడవా ఎక్కని మనిషి మొన దగ్గర కూర్చొన్నది. పక్కన కోడలు, వెనక మోటారు దగ్గర చిన్నాడు. మొగలో మొదటి అల లేచినప్పుడు ఆమె కళ్ళు మూసుకోలేదు. మొన అలను చీల్చి అవతలికి జారింది. లోపల చిందిన నీళ్ళు కాళ్ళు తడిపి, కంతల గుండా బయటికి వెళ్ళిపోయాయి. ఒడ్డు సన్నని గీత అయ్యాక చిన్నాడు మోటారు ఆపాడు. ఎటు చూసినా నీళ్ళే.

"మూడేళ్ళుగా వాణ్ణి పెరట్లో వెతుకుతున్నాను," అన్నది అత్తగారు. "వాడు ఇక్కడున్నాడు."

కోడలు ఆమెకు ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"ఇలాంటి పడవే అడిగాడమ్మా. ఎంత మెల్లగా అడిగాడో. నేను వద్దన్నాను."

"మీరు వద్దన్నప్పుడు నేను సంతోషించాను అత్తయ్యా," అన్నది కోడలు. "దగ్గరలోనే ఉంటాడు గదా అని."

అత్తగారు తిరిగి చూసింది. తరువాత కోడలి చెయ్యి తన ఒళ్ళోకి లాక్కొని, ఆ నీళ్ళ వైపు చూస్తూ, గొంతు దాచుకోకుండా ఏడ్చింది. ఇద్దరూ ఏడ్చారు. చిన్నాడు వాళ్ళను తొందరపెట్టలేదు.

తిరిగి వచ్చేసరికి ఆటు మొదలై అఖాతంలో నీళ్ళు లాగేశాయి. ఇల్లు కనబడుతుండగానే పడవ ఇసుకలో కూరుకొన్నది. చదునుదైతే నేరుగా గుమ్మం దాకా పోయేది. దీనితో రోజూ ఈ తిప్పలు తప్పవని, దిగి తొయ్యాల్సిందేనని చిన్నాడు నొచ్చుకొంటూ చెప్పాడు. తల్లి ఏమనుకొంటుందోనని చూశాడు.

ఆమె అప్పటికే దిగింది. మోకాటి లోతు బురదలో నిలబడి, రెండు చేతులూ పడవకు ఆనించింది.

"ఈ తిప్పలు ఇక్కడ మనం పడదాం," అన్నది. "అక్కడ నువ్వు పడొద్దు. దిగమ్మా కోడలా, నువ్వు ఆ పక్క పట్టు."