నాన్న కుడి తొడ ఎముక

"ఒరేయ్ మార్కూ... ఉన్నపళంగా ఇటు రారా!"

వీధి చివర సమాధుల తోట నుంచి ఆదాం కేక. నేను షామియానా కింద అమ్మ శవపెట్టె పక్కన కూర్చున్నాను. రెండు రాత్రుల నుంచి నిద్ర లేదు, పొద్దుటి నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ లేవు. ఆదాం సమాధులు తవ్వే మనిషి, చిన్నప్పుడు నాతో గోలీలాడినవాడు. ఏదో రాయి అడ్డం పడి ఉంటుందిలే అనుకుని, మేనల్లుడు జయపాల్‌ని వెంటబెట్టుకుని వెళ్లాను. వాడు చీరాలలో ఎక్స్‌రేలు తీస్తాడు.

మా సమాధుల తోటలో చోటు చాలదండి. అందుకని ఇంటివాళ్ల పాత సమాధే తవ్వి, అందులో ఎముకలు తెల్లగుడ్డలో మూటగట్టి, కొత్త పెట్టె కాళ్ల దగ్గర పెడతాం. అమ్మ కూడా అదే కోరింది. "నన్ను మీ నాన్న దగ్గరే పెట్టరా" అంది.

మిట్టమధ్యాహ్నం. నల్లరేగడి నెర్రెలిచ్చి ఉంది. గాలిలో మిరప ఘాటు. ఆదాం గోతిలో నడుంలోతున నిలబడి ఉన్నాడు. గట్టు మీద గుడ్డ పరిచి నాన్నను పేర్చాడు. పుర్రె, పక్కటెముకలు, పొడుగ్గా రెండు తొడ ఎముకలు.

"మీ నాన్న కాలు విరిగి గదరా పోయింది?" అన్నాడు మెల్లగా.

అవును. పందొమ్మిదేళ్ల కింద పత్తి లారీ మీద నుంచి పడ్డాడు. కుడి తొడ రెండు ముక్కలైంది. ఆ రాత్రే పోయాడు. వానొచ్చేట్టుంది, తెల్లారగానే పూడ్చేద్దామని తొందరపెట్టింది నేనే. పెట్టెలో పెట్టేటప్పుడు ఆ కాలు పట్టుకుందీ నేనే. లోపల ముక్కలు ఒకదానికొకటి రాసుకుని గరగరమన్నాయి.

"మరి విరిగిందేదిరా?"

రెండూ నిండుగా ఉన్నాయి.

కుడిది చేతిలోకి తీసుకున్నాను. మధ్యలో కాస్త వంకర... వేలికి తగిలీ తగలనట్టు ఒక ఉబ్బు.

అతుక్కుంది.

ఎముకను జయపాల్‌కి అందించాను. "జయపాలూ... మీ తాతని ప్రాణం ఉండగానే పూడ్చానంటావా?"

"ప్రాణముంటే మాత్రం గోతిలో అతుక్కుద్దా మావయ్యా? విరిగినచోట ముందు నెత్తురు గడ్డకట్టాలి. తర్వాత చెవిలో ఉంటదే, అలాంటి మెత్తటి ఎముక రావాలి. ఆ తర్వాత గట్టి బుడిపె కట్టాలి. తొడ ఎముకకి మూడు నెలలకి తక్కువ పట్టదు. తిండీ గాలీ లేకుండా ఎలా అవుద్ది?"

ఆ సంగతి నాకూ తెలుసు. కిందటేడు నా మణికట్టు విరిగితే, పిండికట్టు చూడ్డానికొచ్చిన ప్రతివాడికీ టీ పోసి మరీ ఎముకల పాఠం చెప్పి పంపాను. అదంతా బతికున్న ఒంట్లో జరిగే పని.

జయపాల్ ఎముకను ఎండకు తిప్పాడు. బొటనవేలితో నిమిరాడు. ఇంకోసారి నిమిరాడు.

"బుడిపె నున్నగా అరిగిపోయింది. కాలు మోపి నడుస్తూ ఉంటేనే ఎముక ఇలా తనను తాను చెక్కుకుంటది. దానికి ఏళ్లు పడుద్ది. ఈ కాలు మీద... చాలా ఏళ్లు నడిచారు మావయ్యా."

"ఎవరు?"

వాడు ఎముకను తిరిగి గుడ్డ మీద పెట్టేశాడు.

"పైన మట్టి కదిలినట్టు లేదురా. నేనే గదా తవ్వింది" అన్నాడు ఆదాం. అనేసి, గబగబా గోతిలోంచి పైకొచ్చేశాడు.

భయపడే ఓపిక కూడా లేదు నాకు. మూట బిగించి ముడి మీద ముడి వేశాను. సాయంత్రం పాస్టరుగారు ప్రార్థన చేశారు, అమ్మను దించాం, మూట కాళ్ల దగ్గర పెట్టాం. మట్టి నేనే ఎక్కువ వేశాను.

ఇంటికొచ్చి స్నానాలు చేశాక నా భార్య రెబెకా అన్నం, పప్పుచారు ముందు పెట్టింది. "తినండి. మీరు కూడా పడిపోతే మోయడానికి మాకు ఓపిక లేదు" అంది. ఆదాం, జయపాల్ నా పక్కనే కూర్చున్నారు. మా అబ్బాయి బెన్నీ ఆఖర్న వచ్చాడు, కల్లంలో మిరపకాయల మీద పట్టా కప్పి.

"నాన్నా, కాయలు ఎవరు తిరగేశారు?"

"ఎవరు తిరగేస్తార్రా, రెండ్రోజులుగా అందరం ఇక్కడే ఉంటే."

ఎండే కాయల్ని మేం కాళ్లతోనే తిరగేస్తాం. పాదాలు ఈడ్చుకుంటూ నడిస్తే మనిషికో చాలు పడుద్ది, నాగటి చాలులా.

"నిన్న ఒకళ్ల చాలే ఉంది. ఆదాం బాబాయేమో అనుకున్నా" అన్నాడు బెన్నీ. "ఇప్పుడు పక్కపక్కనే రెండున్నాయి."

ఆదాం చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

రెబెకా లేచి వీధి తలుపు గడియ వేసింది. వచ్చి బెన్నీకి వడ్డించి, తనూ కంచం పెట్టుకుంది. అందరం ఒకరినొకరు ఆనుకుని కూర్చుని, తలలు వంచుకుని తిన్నాం.