ఊగే విండోలు

"పాత గోడ గడియారాలు బాగుచేస్తారా?" అడిగింది ఫోన్‌లో గొంతు.

"కీ ఉన్నవైతేనే," అన్నాడు ముని.

కోడ్ సరిపోయింది. అవతల చీఫ్.

"ఒంటిగంటకి పార్సిల్ వస్తుంది. చిలక లాప్‌టాప్, మనవాళ్లు పట్టుకున్నది. నాలుగింటికి రైల్వే స్టేషన్‌లో, మూడో ప్లాట్‌ఫాం మీద ఆమె దిగుతుంది. మన షూటర్ అక్కడే ఉంటాడు."

ముని చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. "షూటరా? ఆమె మన మనిషి సార్!"

"నిన్నటిదాకా. ఆమె మన కోడ్ బుక్ విదేశీ ముఠాకి అందిస్తున్న ఫోటోలొచ్చాయి. ఆ లాప్‌టాప్‌లో ఆమె తరఫున ఒక్క ముక్క దొరికితే చెప్పు, ఆపిస్తా. లేదంటే ఆమె సంగతి మర్చిపో."

మర్చిపోవడం అంత తేలికైతే ముని ఎప్పుడో మర్చిపోయి ఉండేవాడు.

ముని అన్నది గూఢచారి డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు, చిలక అన్నట్టే. మూడేళ్లుగా లాప్‌టాప్‌లు రిపేరు చేసేవాడి వేషంలో బతుకుతున్నాడు. కింద దుకాణం, పైన గది. అతనితో మాట్లాడేవాళ్లంతా "ఎప్పుడవుతుంది?" అని అడిగేవాళ్లే. ఆదివారం అక్క ఫోన్ చేసి "వ్యాపారం ఎలా ఉందిరా?" అంటే "బాగుందక్కా" అంటాడు. ఇంకేమీ చెప్పకూడదు.

ఆ మూడేళ్లలో ఆర్నెల్లు మాత్రం వేరు. ఒక ఆపరేషన్ కోసం చిలక అతని భార్య వేషంలో ఆ గదిలోనే ఉంది. ఆమె ఎర్ర స్కార్ఫ్ కట్టుకుని వీధిలోకి దిగితే ఎదురింటి దర్జీ బట్ట బదులు వేలు కుట్టుకునేవాడు. విదేశీ ముఠావాళ్లు ఆమెను తమ ఏజెంటే అనుకునేవారు. వాళ్ల రహస్యాలన్నీ ఆమె మోసుకొచ్చేది మాత్రం చీఫ్ దగ్గరికి. ఇంటికొచ్చాక ఆమెకి ఒకటే కాలక్షేపం, తన లైనక్స్ లాప్‌టాప్‌కి షోకులు చేయడం. విండో పట్టుకుని లాగితే అది జున్నుముక్కలా ఊగాలి. ముందున్న విండోలోంచి వెనకున్నది కనబడాలి.

"పనికిమాలిన ఎఫెక్ట్స్. బ్యాటరీ తినేస్తాయి," అనేవాడు ముని.

"నీకేం తెలుసయ్యా! ఒంటరి కొంపలో ఏదో ఒకటి ఊగుతుండాలి," అనేది చిలక.

తర్వాత చీఫ్ ఆదేశంతో ఆమె ముఠా మధ్యే ఉండటానికి వెళ్లిపోయింది. రెండో కాఫీ కప్పు ఇంకా గూట్లోనే ఉంది. ముని దాన్ని వారానికోసారి కడుగుతాడు. ఎందుకని అడిగే దిక్కు కూడా లేదు.

పార్సిల్ వచ్చింది. దాంతోపాటు ల్యాబ్ చీటీ: "రెండు వేల ఫైళ్లు చూశాం. కుట్టుపని డిజైన్లు, గళ్ల నుడికట్లు. ఇంకేమీ లేవు."

ల్యాబ్‌లో ఒక ఆచారం ఉంది. ఏ మెషీన్ వచ్చినా ముందు ఎఫెక్ట్స్ అన్నీ పీకేసి, తెరని నడిపే సాఫ్ట్‌వేర్‌ని, అంటే గ్రాఫిక్స్ డ్రైవర్‌ని, మామూలుది ఎక్కించి, అప్పుడు వెతకడం మొదలుపెడతారు. ముని తల పట్టుకున్నాడు. చిలక లాప్‌టాప్‌ని ఎఫెక్ట్స్ లేకుండా వెతికారట!

సెట్టింగుల ఫైలు తెరిచాడు. ఒక కుట్టు డిజైన్‌కి మాత్రం ఆమె యాభై శాతం పారదర్శకత రాసిపెట్టింది. అది తెరమీద కనబడాలంటే గ్రాఫిక్స్ కార్డు పూర్తి బలంతో నడవాలి, అంటే అసలు డ్రైవర్ పడాలి. దాన్ని ఇంటర్నెట్ నుంచి దింపితే ముఠా పసిగడుతుంది. ముని బూటు మడమ తిప్పి, డ్రైవర్లన్నీ దాచిన పెన్‌డ్రైవ్ తీశాడు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన గాడ్జెట్లలో పనికొచ్చింది అదొక్కటే. నడిస్తే కాలు నొప్పి మాత్రం అదనం.

మూడు పది. ఇన్‌స్టాల్ అయింది. రీస్టార్ట్.

స్క్రీన్ నల్లబడింది. కర్సర్ కూడా లేదు.

అరవకుండా ఉండటం ఉద్యోగం నేర్పిన విద్య. ఆ రోజు అరిచాడు.

గుమ్మంలో నిలబడ్డ టీచరమ్మ ఉలిక్కిపడింది. "నా లాప్‌టాప్ అయిందా అని అడుగుదామనీ..."

"రేపు రండమ్మా!"

"మొన్నా ఇదే మాట అన్నారు," అని గొణుక్కుంటూ వెళ్లిపోయింది.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ త్రీ నొక్కాడు. నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలొచ్చాయి. ప్రాణం లేచొచ్చింది. మెషీన్ తన పనులు రాసుకునే లాగ్ చదివితే విషయం తెలిసింది. ల్యాబ్ వాళ్లు ఎక్కించిన డ్రైవర్ ఇంకా లోపలే ఉంది. కొత్తదానికంటే ముందే నిద్రలేచి కార్డుని పట్టుకు కూర్చుంటోంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. ముని దాన్ని మళ్లీ లేవకుండా బ్లాక్‌లిస్ట్‌లో పెట్టి మళ్లీ రీస్టార్ట్ కొట్టాడు. మూడు నలభై తొమ్మిది.

డెస్క్‌టాప్ వచ్చింది. ఎఫెక్ట్స్ ఆన్ చేశాడు. చిలక సేవ్ చేసుకున్న చోట్లలోనే రెండు విండోలు తెరుచుకున్నాయి. నుడికట్టు మీద కుట్టు డిజైన్, పల్చటి తెరలా. డిజైన్‌లో ఖాళీగా వదిలిన గళ్లలోంచి కింది అక్షరాలు వరసగా కనబడ్డాయి.

"ఫోటోలు నకిలీవి. నన్ను మీచేతే చంపించాలని ప్లాన్. ముఠా లిస్టు నా గొడుగు పిడిలో. ముని తప్ప ఎవరూ ఇలా చూడరు."

మూడు యాభై ఎనిమిది. చీఫ్‌కి ఫోన్ చేసి చదివి వినిపించాడు.

"తనే రాసుకుంటే నమ్మేయాలా?" అన్నాడు చీఫ్.

"ముందు గొడుగు విప్పి చూడండి సార్. తుపాకీ తర్వాతైనా పేలుతుంది."

అవతల చీఫ్ ఇంకో ఫోన్‌లోంచి రైలు కూత వినిపించింది. తర్వాత అందులో షూటర్‌తో చీఫ్ అన్న ఒకే ఒక్క మాట: "ఆగు!"

పిడిలో పంతొమ్మిది పేర్లు దొరికాయి. సాయంత్రానికి పంతొమ్మిది మందీ దొరికారు.

ఆరింటికి ఫోన్ మోగింది. "పనికిమాలిన ఎఫెక్ట్స్ అన్నావు కదయ్యా?"

"బ్యాటరీ మాత్రం తినేశాయి," అన్నాడు ముని. ఆమె నవ్వింది. ఆ నవ్వు ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించింది. "ఇప్పుడెక్కడికి పంపుతున్నారు?"

"చెప్పకూడదు. నీకు తెలుసుగా."

"తెలుసు."

ఒకసారి వచ్చి వెళ్లమని అడగాలనుకున్నాడు. ఆ మాట నోటిదాకా వచ్చేలోపు లైన్ కట్టయింది. గది ఎప్పటిలాగే ఉంది, అదే అతనికి భరించడం కష్టమైంది. వారం కాకపోయినా రెండో కప్పు కడిగి పెట్టాడు.

తర్వాత తన సొంత లాప్‌టాప్ తెరిచి, డ్రైవర్ ఎక్కించి, ఎఫెక్ట్స్ అన్నీ ఆన్ చేశాడు. ఒక విండో అంచు పట్టుకుని లాగి వదిలాడు. అది ఊగింది. ఇంకోసారి లాగాడు. పావుగంటలో బ్యాటరీ పది శాతం పడిపోయింది.

ముని లేచి చార్జర్ తగిలించాడు.