పుట్టుగండపెండేరం

రేగడిమిట్ట దుర్గాన్ని శత్రుసేనలు చుట్టుముట్టి, కోటలో ధాన్యం అడుగంటి, ఆ ఉదయాన గుఱ్ఱపుదళం వెలికురికి ముట్టడి ఛేదించవలసి ఉండగా, భేరులు మ్రోగుతుండగా, ముత్యాల గొడుగు నీడన మహారాజు బయ్యరాజదేవుడు మురిసిపోతూ చూస్తున్నది గుఱ్ఱాల కాళ్ళను! ఛీ, చెప్పుకోవడానికే సిగ్గేసే ముచ్చట ఇది.

మంత్రి కేతన ప్రెగ్గడ తన బావమరిది శాలలో మూలుగుతున్న గుఱ్ఱాలను తెచ్చి రాజుకు అంటగట్టాడు. వాటి గిట్టలకు పైనున్న కీళ్ళ చుట్టూ ఎముక పెరిగి, కట్టు కట్టినట్టు ఉబ్బి ఉంది. దాన్నే చూపి ఆ సిగ్గుమాలినవాడు, "మహాప్రభూ! వీరుల కాలికి తమరు గండపెండేరం తొడిగి సత్కరిస్తారు. ఈ అశ్వరాజాలు దానిని తొడుక్కునే పుట్టినవి! ఇది పుట్టుగండపెండేరం, విజయచిహ్నం" అని విన్నవించాడు. రాజుగారు పొంగిపోయారు. పొగడ్త అయితే చాలు, ఏదైనా గుటకేసే రకం ఆయన.

సేనాని మాచమనాయకుడు వంగి, ఒక గుఱ్ఱపు కాలు మడిచి కాసేపు పట్టుకొని వదిలాడు. పాపం, ఆ మూగజీవం కాలు నేలకు ఆన్చలేక కుంటింది.

"దేవా, ఇది ఆభరణం కాదు, రోగం. కీలులో ఎముక మొలిచి, కదిలినప్పుడల్లా దీన్ని లోలోపల కోస్తున్నది. చదును నేలన నెమ్మదిగా నడిపిస్తే కప్పిపుచ్చవచ్చు. రౌతును మోస్తూ కోట ముందున్న వాలు దిగమంటే కూలబడుతుంది. నా రౌతులను కాలినడకన పంపండి, ముట్టడి ఛేదిస్తాము."

"తనకు దక్కని పెండేరం గుఱ్ఱానికి దక్కిందని నాయకునికి కడుపుమంట," అని ప్రెగ్గడ ఇకిలించాడు. ఆ ఇకిలింపు తలచుకుంటేనే ఒళ్ళు కంపరమెత్తుతుంది. రాజు కూడా నవ్వాడు. గుఱ్ఱాలెక్కి తీరవలెనని ఆజ్ఞాపించాడు.

మాచమనాయకుని ముఖం అసహ్యంతో ముడుచుకుపోయింది. అయినా చేతులు జోడించాడు.

"తమ ఉప్పు తిన్నవాణ్ణి, ఆజ్ఞ మీరను. కానీ మొదట నేనొక్కణ్ణే దిగుతాను. నేను వాలు దాటితేనే నా బిడ్డల్లాంటి రౌతులను పంపండి. ఈ ఒక్క వరం దయచేయండి."

రాజు తలూపాడు. తలుపులు తెరుచుకున్నాయి.

వాలు సగం దిగేసరికి గుఱ్ఱం ముంగాళ్ళు మడతపడ్డాయి. అది కూలిపోతూ అరిచిన అరుపు ప్రాకారం మీదివారందరూ విన్నారు. కిందపడి లేవబోతున్న నాయకుని మీద శత్రువుల బాణాలు కురిశాయి. ఆయన మరి లేవలేదు.

రాజు పాలిపోయాడు. "అపశకునాన బయలుదేరాడు మహాప్రభూ, గుఱ్ఱంలో దోషం లేదు," అని ప్రెగ్గడ ఇంకా నసుగుతూనే ఉన్నాడు. థూ!

"అయితే తమరు ఎక్కండి, ప్రెగ్గడగారూ! నచ్చిన గుఱ్ఱాన్నే ఎంచుకోండి," అన్నాడు రాజు.

ప్రెగ్గడ రాజు కాళ్ళ మీద పడ్డాడు. "ప్రభూ, కాపాడండి! ఆ కాళ్ళు వాలున నిలవవు. నాకు తెలుసు!"

భటులు వాణ్ణి ఈడ్చుకుపోయారు. "రౌతులారా, కాలినడకన వెళ్ళండి" అని రాజు ఆజ్ఞాపించేలోపే, రౌతులు కత్తులు దూసి, తమ నాయకుని శవం కోసం వాలు దిగుతున్నారు. ఒక్కడూ రాజు వైపు తిరిగి చూడలేదు.