గూలౌ రాత్రి సంతలో రెండో కాపలా

కైఫంగ్ పుస్తకాల వీధిలో సాయంత్రం ఆరింటికి దీపాలు వెలిగాయి. ఆ వెలుతురులోనే కుంచెల కొట్టు హౌ శవం బయటపడింది. గల్లాపెట్టె వెనక కుర్చీలో దర్జాగా కూర్చునే ఉన్నాడు. కాకపోతే ఎడమ చెవిలో ఒక ఉక్కు సూది మొదలంటా దిగి ఉంది.

"ముఠా పంపిన హంతకుడి మొహం తెలిసినవాడు వీడొక్కడే," అన్నాడు ఛీఫ్ లూ, శవం మీద గుడ్డ కప్పుతూ. "ఇప్పుడు మనలో ఎవరికీ తెలీదు."

ఏజెంట్ కువాంగ్ బోయువాన్ తలుపు దగ్గరే నిలబడ్డాడు. హౌ ఇరవై ఏళ్ళుగా వాళ్ళ గూఢచారి విభాగానికి ఆ వీధిలో చెవి. సరిగ్గా ఆ చెవిలోనే పొడిచారు.

"ఇంజనీర్ వెన్ ఎక్కడున్నాడు ఛీఫ్?"

"హోటల్లో. ఏడున్నరకి గూలౌ నగారా బురుజు కింది సంతకి వస్తాడు. ఏటా శరత్కాలంలో ఇక్కడికొచ్చి పెసరపిండి ముక్కల వేపుడు తింటేగానీ ఆయనకి ఏడాది గడవదు. రాకెట్ ఇంధనం రహస్యమంతా ఆ తలకాయలో ఉంది. విదేశీ ముఠా ఆ తలకాయ కోసమే వచ్చింది."

"ముసలాయన్ని రాత్రికి రాత్రే ఊరు దాటించేస్తే?"

"ఇంకో ఊళ్ళో కాచుకుంటారు. ఈ రాత్రి హంతకుడు మనకి కావాలి."

"నాకు తోడు?"

ఛీఫ్ కళ్ళు తిప్పుకున్నాడు. "ఎవరూ లేరు. మాట మన ఆఫీసులోంచే బయటికి పోతోంది. ముఠాలో మన మనిషి మన్‌షూ ఉంది కదా, కబురుంటే ఆమే తెస్తుంది. ప్రాణం మీదికొస్తే తప్ప మైక్ తెరవకు."

కువాంగ్ ఆ ఊరివాడే. వాళ్ళ బాబాయి సంతలో బాదం టీ అమ్మి అమ్మి పోయాడు. అందుకే వేషం తేలిగ్గా కుదిరింది. ఏడింటికల్లా నడుముకి ఏప్రాన్ చుట్టుకుని, డ్రాగన్ మూతి ఉన్న పెద్ద రాగి కెటిల్ బండిని వేపుడు కొట్టు పక్కనే ఆపాడు. మోకాళ్ళు వంచి కెటిల్ వంచితే మరిగే నీళ్ళు గజం దూరంలో గిన్నెలో చుక్క చిందకుండా పడుతున్నాయి. చూసినవాళ్ళు మెచ్చుకున్నారు కూడా.

వెన్ వచ్చాడు. డెబ్భై దాటిన మనిషి, చెవులు సరిగ్గా వినబడవు. బల్ల దగ్గర కూర్చుంటూనే వంటావిడతో గొడవ పెట్టుకున్నాడు. "పోయినేడు వెల్లుల్లి దగ్గర పిసినారితనం చేశావమ్మా. ఈసారి చూస్తూ ఉంటా, ఆ."

ఏడూ నలభై ఐదుకి మన్‌షూ కువాంగ్ బండి దగ్గరికొచ్చింది. ఆకుపచ్చ పట్టు గౌను, ముడిలో వెండి సూది. ఒకప్పుడు ఆ ముడి విప్పిన చెయ్యి కువాంగ్‌ది. ఆరేళ్ళయినా వేలికొసలు మర్చిపోలేదు.

"ఒక గిన్నె పొయ్యి, మేస్త్రీ," అంది నవ్వుతూ. గిన్నె అందుకుంటూ గొంతు తగ్గించింది. "మటన్ కడ్డీలు కాల్చే బండి. తెల్ల టోపీవాడు. చీలమండ దగ్గర పిస్టల్ ఉంటుంది, చూసుకో. ఎనిమిదింటికి గూలౌ మీద నగారాలు మోగుతాయి. అందరూ తలలెత్తుతారు. అప్పుడే."

"నిజమేనా?"

"నీతో ఎప్పుడు అబద్ధమాడాను?"

తెల్ల టోపీవాడు బొగ్గుల కోసం వంగాడు. పంట్లాం కింద పిస్టల్ ఆకారం స్పష్టంగా కనిపించింది. వాడి చూపు కూడా ముసలాయన మీదే ఉంది.

కువాంగ్ వెళ్ళాడు. "అన్నా, నాలుగు బొగ్గులు సర్దుతావా? పొయ్యి చచ్చేట్టుంది."

"వెనక సందులో బస్తా ఉంది, రా తమ్ముడూ," అన్నాడు తెల్ల టోపీ. కళ్ళు మాత్రం కువాంగ్ చేతుల మీదే పెట్టాడు.

సందులోకి తిరగ్గానే ఇద్దరూ ఒకేసారి కదిలారు. ఇనప కడ్డీ కువాంగ్ ఎడమ అరచేతిలో ఇటు దిగి అటు తేలింది. కువాంగ్ ఆ చేత్తోనే వాణ్ణి గోడకి అదిమి, రెండో చేత్తో కత్తి పక్కటెముకల కింద దింపి మెలితిప్పాడు. తెల్ల టోపీ రక్తంలో పడింది. వాడు బస్తాల మీదికి జారుతూ, కాలర్ నొక్కుకుని గుసగుసలాడాడు.

ఆ గుసగుస కువాంగ్ చెవిలోని ఇయర్‌ఫోన్‌లో వినబడింది.

"ఛీఫ్... బాదం టీ వాడే... ముసలాయన్ని..."

"దింగ్?" ఛీఫ్ గొంతు. "దింగ్, మాట్లాడు."

కువాంగ్ మైక్ తెరిచాడు. "దింగ్ ఇంక మాట్లాడడు ఛీఫ్. నేనే చంపాను."

"నీకు చెప్పకుండా రెండో కాపలాగా నేనే పెట్టాను వాణ్ణి. వాడికీ నీ గురించి చెప్పలేదు. ఎవరు చూపించారు నీకు?"

"మన్‌షూ."

ఆ పేరు చెబుతూనే పరుగెత్తాడు. కడ్డీ ఇంకా చేతిలోనే ఉంది. జనాన్ని భుజంతో తోసుకుంటూ బండి దగ్గరికి చేరేసరికి తొలి నగారా మోగింది. సంతంతా తలలెత్తింది. వెన్ కూడా ఎత్తాడు. ఆయన పక్క కుర్చీలో మన్‌షూ. ముడి విడిపోయి జుట్టు భుజాల మీద ఉంది. వెండి సూది ముసలాయన మెడకి జానెడు దూరంలో ఉంది.

ఆ బల్ల దాకా చేరుకునే వ్యవధి లేదు. కువాంగ్ కాలెత్తి కెటిల్‌ని వెనక నుంచి తన్నాడు.

మరిగే నీళ్ళు ధారగా ఆమె మణికట్టు మీద పడ్డాయి. సూది బల్ల మీద పడింది. ఆమె కేక నగారాల్లో కలిసిపోయింది. కాలిన చెయ్యి ఒడిలో దాచుకుని రెండో చేత్తో చాకు తీసింది. మీదపడ్డ కువాంగ్ డొక్కలో దించింది కూడా.

"దింగ్ మంచివాడు," అంది అతని చెవిలో. "నీలా ఆడదాని మాట నమ్మేవాడు కాదు."

కువాంగ్ బల్ల మీది సూది తీసి ఆమె చెవి కింద గుచ్చాడు. రెండు క్షణాలు అతన్ని గట్టిగా పట్టుకుంది. తర్వాత పట్టు వదిలేసింది. సూది విషానికి ఆమె నోట వచ్చిన నురగ తుడిచి, నిద్రపోతున్నట్టు కుర్చీలో ఆనించాడు. ఆమె జుట్టు వేళ్ళకి చుట్టుకుంటే విడదీసుకోవడానికి కాస్త సమయం పట్టింది.

నగారాలు ఆగాయి. వెన్ తల దించి, తడిసి ముద్దయిన తన పళ్ళెం వైపు, పక్కనున్న అమ్మాయి బొబ్బల చెయ్యి వైపు చూశాడు.

"ఇదేం పొయ్యడమయ్యా? పాపం, పిల్ల సొమ్మసిల్లింది. నీలాంటివాడికి లైసెన్సిచ్చింది ఎవరు?"

"సర్కారే, తాతగారూ," అన్నాడు కువాంగ్, ఏప్రాన్‌తో డొక్క అదుముకుంటూ. "ఇద్దర్ని పెట్టుకున్నారు. ఆ ఇద్దరిలో పనిమంతుణ్ణి నేనే తీసేశాను."